పీరియడ్స్‌కి ముందు వారం దిగులు, ఆఫీసు టెన్షన్, సెరటోనిన్: వీటికి నిజంగా సంబంధం ఉందా?

బెజవాడ_స్వప్న
అందరికీ నమస్తే. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం, వయసు 31, ఒక బాబు. నెలలో మూడు వారాలు నేను బాగానే ఉంటాను. డేట్ ఇంకో వారం ఉందనగా మొదలవుతుంది. కారణం లేకుండా దిగులు, చిన్న మాటకే ఒళ్లు మండిపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, నేనెందుకూ పనికిరానన్న ఆలోచన. మొన్న మార్చి క్లోజింగ్‌లో మరీ ఎక్కువైంది. పెన్షన్ కోసం వచ్చిన ఒక పెద్దాయన "పాస్‌బుక్ ప్రింటు వేసివ్వమ్మా" అని మామూలుగానే అడిగారు. పుస్తకం ప్రింటర్లో పెడుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆ పేజీ మీదే పడ్డాయి. ఆయన కంగారుపడి "తర్వాత వస్తాలే తల్లీ" అని వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. రెండు రోజుల్లో పీరియడ్ వచ్చింది, ఇక ఏమీ జరగనట్టే మామూలైపోయాను.

మా అత్తగారు "మేమూ ఆడవాళ్లమే, మాకు లేవా ఇవన్నీ" అంటారు. మా ఆయన యూట్యూబ్‌లో చూసి, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గుతుందట అని డజను అరటిపళ్లు తెచ్చిపెట్టారు. అసలు ఈ హార్మోన్లకీ టెన్షన్‌కీ సెరటోనిన్‌కీ లింకు ఉందా లేక అంతా నా మనసులోనేనా? తెలిసినవాళ్లు అర్థమయ్యేలా చెప్పండి.

హనుమకొండ_టీచరమ్మ
స్వప్నమ్మా, నీ మనసులో లేనిపోనివి ఏమీ పుట్టించుకోవడం లేదు. నా నలభైల్లో ఇదే పడ్డాను, ఎవరికీ చెప్పుకోలేదు. వివరం తెలిసినవాళ్లు చెప్తారు, నేనూ తర్వాత రాస్తాను.

ఫిజియాలజీ_పీజీ
అక్కా, ముందు అరటిపండు సంగతి తేల్చేస్తాను. అందులో సెరటోనిన్ ఉన్నమాట నిజమే, కానీ అది మెదడులోకి వెళ్లదు, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న పొర దాన్ని దాటనివ్వదు. మన ఒంట్లో సెరటోనిన్ 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుంది, అదీ మెదడుకి చేరదు. మెదడు తనకి కావలసింది తానే చేసుకోవాలి. మెదడు కాండం మధ్యలో రాఫే కేంద్రకాలని నాడీకణాల గుంపులు ఉన్నాయి, అక్కడ తయారై మెదడంతా పాకిన నాడీతంతువుల చివర్లలో విడుదలవుతుంది. ముడిసరుకు ట్రిప్టోఫాన్, అంటే పప్పు, పాలు, గుడ్డు, నువ్వుల్లో ఉండే అమైనో ఆమ్లం. దాన్ని సెరటోనిన్‌గా మార్చే పని మొదలుపెట్టేది ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము. విడుదలైన సెరటోనిన్‌ని మళ్లీ కణంలోకి లాక్కునేది ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రోటీను, దాన్ని విరగ్గొట్టేది ఎంఏఓ-ఏ అనే మరో ఎంజైము.

అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఈ మూడింటినీ కదిలిస్తుంది. అండాశయాలు తీసేసిన ఆడకోతులకి ఈస్ట్రోజెన్ ఇచ్చి చూస్తే తయారుచేసే ఎంజైము పెరిగింది, విరగ్గొట్టే ఎంజైము తగ్గింది. అండం విడుదలకి కాస్త ముందు ఈస్ట్రోజెన్ బాగా పైకి వెళ్తుంది, తర్వాత దిగి, ప్రొజెస్టెరాన్ అనే మరో అండాశయ హార్మోన్‌తో పాటు మళ్లీ కొంత లేచి, పీరియడ్‌కి ముందు కొద్ది రోజుల్లో రెండూ కలిసి పడిపోతాయి. మీకు కష్టంగా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

జర్మనీలో లైప్‌జిగ్ పరిశోధకులు 2023లో ఒక పెట్ స్కాన్ (మెదడులో రసాయనాల తీరు చూపించే స్కాన్) అధ్యయనం ప్రచురించారు. పీరియడ్‌కి ముందు తీవ్రంగా బాధపడే 30 మంది ఆడవాళ్లని నెలలో వేర్వేరు రోజుల్లో స్కాన్ చేస్తే, పీరియడ్ దగ్గరపడే కొద్దీ వాళ్ల మధ్యమెదడులో ఆ ట్రాన్స్‌పోర్టర్ సగటున 18 శాతం పెరిగింది. అంటే విడుదలైన సెరటోనిన్‌ని తొందరగా వెనక్కి లాగేసుకునే పరిస్థితి. ఈ బాధ లేని ఆడవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. మీ ఆయనకి ఇది చూపించండి అక్కా, మీ అత్తగారికి కూడా. ఆవిడకి రాకపోవచ్చు, మీకు రావచ్చు, రెండూ నిజమే.

సూటిగా_చెప్తా
పీజీ గారూ, వివరం బాగుంది కానీ ఇంకోవైపు కూడా చెప్పాలి కదండీ. 2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జొవానా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, డిప్రెషన్‌కి సెరటోనిన్ తక్కువవడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. మరి ఏళ్ల తరబడి జనానికి "మీ మెదడులో కెమికల్ తక్కువైంది" అని చెప్పి మందులిచ్చారే. ఇప్పుడు ఆడవాళ్ల నెలసరికి కూడా అదే కథ చెప్తే నాకు భయంగా ఉంది. మా చెల్లికి పదిహేను నిమిషాల్లో చూసి మాత్ర రాసిచ్చారు, ఎన్నాళ్లు వాడాలో చెప్పలేదు. అందుకే అడుగుతున్నాను.

ఫిజియాలజీ_పీజీ
మీరడిగింది న్యాయమైన ప్రశ్న అండి. ఆ 2022 పేపర్ మీద వాదోపవాదాలు చాలా జరిగాయి, అయినా "తక్కువైంది కాబట్టి దిగులు" అన్న ఒక్క లైను కథ నిలబడదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. నేను చెప్పేది ఆ కథ కాదు. ప్రకాశం బ్యారేజీలో నీటిమట్టం చూసి చివరి పొలానికి నీళ్లు అందాయో లేదో ఎవరూ చెప్పలేరు, మధ్యలో ఏ లాకు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది చూడాలి. సెరటోనిన్ విషయంలో కూడా మొత్తం ఎంత ఉందన్నది కాదు, ఈస్ట్రోజెన్ లేచి పడుతున్నప్పుడు తయారీ, వెనక్కి లాక్కోవడం, అందుకునే రిసెప్టర్లు ఎలా మారుతున్నాయి, ఆ మార్పుకి ఒక్కొక్కరి మెదడు ఎలా స్పందిస్తోంది అన్నదే అసలు విషయం.

దీనికి గట్టి రుజువు 1998లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం చేసిన ప్రయోగం. పీరియడ్‌కి ముందు తీవ్రంగా బాధపడే ఆడవాళ్లకి ల్యూప్రొలైడ్ అనే ఇంజెక్షన్ ఇచ్చి అండాశయాల పని తాత్కాలికంగా ఆపేశారు. చాలామందికి లక్షణాలు తగ్గిపోయాయి. అలా తగ్గినవాళ్లకి ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టెరాన్ గానీ మామూలు మోతాదులో మళ్లీ ఇచ్చారు. బాధ తిరిగొచ్చింది. అసలు ఎప్పుడూ ఆ బాధ లేని ఆడవాళ్లకి అదే ఇంజెక్షన్, అవే హార్మోన్లు ఇస్తే వాళ్ల మూడ్‌లో ఏ మార్పూ లేదు. అందుకే స్వప్నక్క రేపు వెళ్లి హార్మోన్ టెస్టులు చేయించుకుంటే అన్నీ నార్మల్ అని రావచ్చు. నార్మల్ అని వచ్చినంత మాత్రాన బాధ అబద్ధం అయిపోదు. నాకు చాలా కోపం తెప్పించేది ఇదే, రిపోర్టు చూసి "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేయడం.

మందు ఎన్నాళ్లు, ఎందుకు అన్నది అడిగి తెలుసుకునే హక్కు మీ చెల్లికి ఉంది. మళ్లీ వెళ్లి అడగమనండి.

బెజవాడ_స్వప్న
తమ్ముడూ, చాలా థాంక్స్. నార్మల్ రిపోర్టు సంగతి చెప్పావు చూడు, పోయినేడాది నాకు అచ్చంగా అదే జరిగింది. మరి టెన్షన్ పాత్ర ఏంటి? క్లోజింగ్ నెలల్లోనే ఎందుకు ఎక్కువవుతోంది?

ఫిజియాలజీ_పీజీ
టెన్షన్ పడినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందున్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులకి కబురు వెళ్లి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. కాసేపటి టెన్షన్‌కి ఏమీ కాదు, అప్పుడు కొన్ని భాగాల్లో సెరటోనిన్ విడుదల పెరుగుతుంది కూడా. వారాల తరబడి సాగితేనే చిక్కు. మనం తిన్న ట్రిప్టోఫాన్‌లో 90 శాతం పైగా మామూలు రోజుల్లోనే కైన్యురెనిన్ అనే వేరే దారిలో పోతుంది, సెరటోనిన్‌కి దక్కేది చాలా కొంచెం. ఆ వేరే దారిని తెరిచే కాలేయ ఎంజైముని కార్టిసాల్ ఇంకా ఉసిగొల్పుతుంది. పైగా కార్టిసాల్ ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే మెదడులో జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఒక రకం సెరటోనిన్ రిసెప్టర్లు తగ్గుతాయని జంతువుల్లో చూశారు. అంటే ఈస్ట్రోజెన్ పడిపోతున్న వారంలోనే ఈ దెబ్బ కూడా తగులుతోంది.

ఇంకొకటి ఉంది. ప్రొజెస్టెరాన్ నుంచి అలోప్రెగ్ననొలోన్ అనే పదార్థం తయారవుతుంది, మామూలుగా అది గాబా అనే మరో మెదడు రసాయనాన్ని అందుకునే రిసెప్టర్ల ద్వారా మెదడుని శాంతపరుస్తుంది. మీలాంటి బాధ ఉన్నవాళ్లలో మాత్రం దానికి మెదడు స్పందించే తీరే తేడాగా ఉందని పరిశోధనలు చెప్తున్నాయి. కాబట్టి అంతా సెరటోనిన్ ఒక్కదాని మీద తోసేయలేం.

టెన్షన్ వల్ల డేట్లు కూడా మారిపోతాయి అక్కా. ఒత్తిడిలో అండం విడుదల ఆలస్యమైతే పీరియడ్ కూడా ఆలస్యమవుతుంది, దిగులు వారం కూడా దానితో పాటే ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే "ఈసారి 20వ తేదీనే మొదలవ్వాలి కదా" అని లెక్కపెట్టకండి, పీరియడ్ వచ్చాక అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

రెండు_డ్యూటీలు
హార్మోన్లు సరే, ఎంజైములు సరే. పొద్దున అయిదింటికి లేచి టిఫిన్, బాక్సులు, బాబు స్కూలు బ్యాగు, బస్సు, ఆఫీసు, సాయంత్రం వచ్చాక మళ్లీ వంట. ఇంత జరుగుతుంటే కార్టిసాల్ పెరగక ఏమవుతుంది? ఎక్కడో చదివాను, ఆడవాళ్ల మెదడులో సెరటోనిన్ మగవాళ్లలో సగమేనట, అందుకే ఆడవాళ్లు బలహీనులట. ఈ మాట మా టీమ్ లీడరు మీటింగులోనే అన్నాడు. ఇది నిజమేనా?

ఫిజియాలజీ_పీజీ
ఆ మాటకి మూలం 1997లో కెనడాలోని మాంట్రియల్‌లో చేసిన పెట్ స్కాన్ అధ్యయనం అక్కా. మగవాళ్ల మెదడులో సెరటోనిన్ తయారయ్యే వేగం సగటున 52 శాతం ఎక్కువ అని వచ్చింది. చూసింది 8 మంది మగవాళ్లని, 7 గురు ఆడవాళ్లని. అది తయారీ వేగం మాత్రమే, నిల్వ కాదు, బలం అంతకన్నా కాదు. అంత చిన్న అధ్యయనంతో మీటింగులో ఆడవాళ్లందరి మీదా తీర్పు చెప్పడం ఘోరం.

మీరన్న పని భారం మాట వందశాతం ఒప్పుకుంటాను. యుక్తవయసు దాకా ఆడపిల్లలకీ మగపిల్లలకీ డిప్రెషన్‌లో పెద్ద తేడా ఉండదు, ఆ తర్వాత ఆడవాళ్లలో ఇంచుమించు రెట్టింపు. దాన్ని హార్మోన్లతోనే వివరిస్తే ఇంట్లో, వీధిలో, ఆఫీసులో జరిగేదంతా వదిలేసినట్టే.

ఏఎన్ఎమ్_పాలమూరు
నేను సబ్‌సెంటర్‌లో పనిచేస్తాను. పెద్ద పెద్ద మాటలు నాకు రావు కానీ ఒకటి చెప్పాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రాలో 58.8 శాతం. ట్రైనింగులో మాకు చెప్పారు, సెరటోనిన్ తయారుచేసే ఆ ఎంజైము పనిచేయడానికి ఇనుము కావాలని. ఇనుము తగ్గితేనే ఈ దిగులు అని నేను అనడం లేదు, కానీ రక్తం లేకపోతే నీరసం, చిరాకు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఎట్లాగూ ఉంటాయి, దిగులుదీ దీనిదీ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఐరన్ మాత్ర టీతో కలిపి వేసుకోవద్దు, టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చాయ్‌తోనే మింగేస్తారు, ఎన్నిసార్లు చెప్పినా.

డల్లాస్_శ్రీను
ఆడవాళ్ల చర్చలో దూరినందుకు ఏమీ అనుకోకండి. మాకు ఈమధ్యే పాప పుట్టింది. నాలుగో రోజు నుంచి మా ఆవిడ ఒకటే ఏడుపు, పాపని ఎత్తుకుని ఏడుస్తుంది, ఎందుకమ్మా అంటే తెలీదంటుంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు బాలింత ఏడవకూడదు, పాలు పడవు అని ఇంకా కంగారు పెడుతున్నారు. ఇక్కడ పిల్లల డాక్టరు దగ్గర పది ప్రశ్నల ఫారం ఒకటి నింపించారు. ఇది కూడా ఇదేనా?

ఫిజియాలజీ_పీజీ
శ్రీను గారూ, అభినందనలు. మంచి పని చేశారు అడిగి. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ మామూలు కంటే దాదాపు వంద రెట్లు ఉంటుంది, కాన్పయిన కొద్ది రోజుల్లోనే అంతా పడిపోతుంది. టొరంటోలో 2010లో ఆరోగ్యంగా ఉన్న బాలింతల్ని 4 నుంచి 6 రోజుల మధ్య స్కాన్ చేస్తే, సెరటోనిన్‌ని విరగ్గొట్టే ఎంఏఓ-ఏ మిగతా ఆడవాళ్ల కంటే సగటున 43 శాతం ఎక్కువ కనిపించింది. మీ ఆవిడ నాలుగో రోజున మొదలైందన్నారు కదా, అది అందుకే చాలామందికి అప్పుడే వస్తుంది. సాధారణంగా రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

రెండు వారాలు దాటినా అలాగే ఉంటే, పాప నిద్రపోతున్నప్పుడు కూడా తనకి నిద్ర పట్టకపోతే, పాపకి ఏమైనా చేసేస్తానేమో అన్న ఆలోచనలొస్తే ఆగకండి. ఎవరికీ వినపడనివి వినపడటం, ఇల్లంతా తిరుగుతూ అసలు పడుకోకపోవడం లాంటివి కనిపిస్తే అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఆ పది ప్రశ్నల ఫారం 1987లో ఎడిన్‌బరోలో తయారైంది, ఆఖరి ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి తను ఏం టిక్కు పెట్టిందో మీరు చూశారా?

డల్లాస్_శ్రీను
చూశాను, "ఎప్పుడూ లేదు" అని పెట్టింది. ఇప్పుడే వెళ్లి మా అత్తగారికి చెప్తాను, ఏడిస్తే ఏడవనివ్వమని. రాత్రి పాలడబ్బా వంతు నాది.

ఏఎన్ఎమ్_పాలమూరు
మంచిగ చేసిన్రు అన్నా. బాలింతకి రాత్రి నాలుగు గంటలు ఏకబిగిన నిద్ర దొరికితే అదే పెద్ద మందు. పథ్యం పేరుతో ఉత్త కారప్పొడి అన్నం పెట్టకుండ పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టమని చెప్పుండ్రి మీ అత్తమ్మకు.

హనుమకొండ_టీచరమ్మ
చెప్తానన్నాను కదా. నాకు 45 దాటాక ముట్లు ఒక నెల వచ్చి రెండు నెలలు రాకుండా పోయేవి. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే మెడ నుంచి సెగ లేచి చీర జాకెట్టు తడిసిపోయేది, పిల్లలు చూస్తారేమోనని సిగ్గు. దానికంటే నన్ను తినేసింది మనసులోని దిగులు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, పొద్దున స్కూలు గేటు చూస్తేనే గుండె దడ. అందరూ "వయసు" అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది, మెనోపాజ్‌కి ముందు ఈ కొన్నేళ్లలో ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గదు, ఒక్కోసారి బాగా పెరిగి ఒక్కసారిగా పడుతుంది, ఆ ఎగుడుదిగుడే సతాయిస్తుంది అని. సెరటోనిన్ మీద పనిచేసే ఎస్‌సిటలోప్రామ్ చిన్న మోతాదులో ఇచ్చింది. దిగులుతో పాటు ఆ సెగలు కూడా తగ్గాయి. ఆ మందు సెగలకి కూడా పనిచేస్తుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఇదే అందరికీ అని కాదమ్మా, నాకు థైరాయిడ్, బీపీ అన్నీ చూశాకే ఇచ్చింది.

కర్నూలు_ఫార్మసీ
ఈ మందుల గురించి ఒక మాట. షాపులో ఉంటాను కాబట్టి రోజూ చూస్తుంటాను, పక్కింటావిడ చీటీ పట్టుకొచ్చి "ఇదే నాకూ ఇవ్వండి" అంటారు. దయచేసి వద్దు. సెర్ట్రలిన్, ఫ్లుఆక్సెటిన్, ఎస్‌సిటలోప్రామ్ వేసుకునేవాళ్లు నొప్పులకి ట్రమడాల్ కలిపి వేసుకుంటే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు, చేతులు వణకడం, చెమటలు, జ్వరం, గందరగోళం వస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వాడుతున్న మందులన్నీ చెప్పండి. బాగయిందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయొద్దు, తలతిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం, నిద్రలేమి పట్టుకుంటాయి. నెమ్మదిగా తగ్గిస్తారు.

పీరియడ్ ముందు బాధకి మాత్రం వాడకం వేరేగా ఉండొచ్చు. మామూలు డిప్రెషన్‌లో ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఇందులో చాలామందికి కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. అందుకని కొందరికి నెలంతా కాకుండా పీరియడ్‌కి ముందు రెండు వారాలే రాస్తారు.

సూటిగా_చెప్తా
రెండు వారాలే ఇస్తారన్నది నాకు తెలియదు. అంత తొందరగా ఎలా పనిచేస్తుంది? సెరటోనిన్ అయితే వారాలు పట్టాలి కదా.

ఫిజియాలజీ_పీజీ
పరిశోధకులు కూడా అదే అడుగుతున్నారు. ఇందాక చెప్పిన అలోప్రెగ్ననొలోన్ తయారీని కూడా ఈ మందులు పెంచుతాయని ఒక వాదన, దానికి ప్రయోగశాలలో కొంత ఆధారం ఉంది. ఆ పదార్థాన్నే మందుగా మలిచి బాలింతల డిప్రెషన్‌కి 2019లో అమెరికాలో అనుమతించారు, బ్రెక్సనొలోన్ అని, సెలైన్‌లా ఎక్కించేవాళ్లు. 2023లో అదే తరహాలో మాత్ర వచ్చింది, జురనొలోన్.

బెజవాడ_స్వప్న
అందరి పోస్టులూ మా ఆయనకి చదివి వినిపించాను. అరటిపళ్లు బాబు తింటున్నాడు, పోనీలెండి. వంటింటి క్యాలెండర్‌లో రోజూ రాత్రి గడిలో రాయడం మొదలుపెట్టాను, చిరాకుకి చి, ఏడుపుకి ఏ, నిద్రకి ని, పక్కన ఎంత తీవ్రంగా ఉందో 1 నుంచి 5 అంకె. పీరియడ్ రోజు చుట్టూ ఎర్ర గుండ్రం. ఈలోగా ఆగాలా, లేక ఇప్పుడే వెళ్లాలా? వెళ్తే గైనకాలజిస్టు దగ్గరికా, సైకియాట్రిస్టు దగ్గరికా?

ఫిజియాలజీ_పీజీ
అక్కా, చాలా మంచి పద్ధతి. పీఎండీడీ (పీరియడ్‌కి ముందు తీవ్రంగా వచ్చే ఈ దిగులు, చిరాకుల సమస్య పేరు) అని ఖాయంగా చెప్పడానికి కనీసం రెండు నెలలు ఏరోజుకారోజు రాసింది డాక్టర్లు అడుగుతారు, ఎందుకంటే గుర్తు తెచ్చుకుని చెప్తే తప్పులొస్తాయి. పీరియడ్ అయ్యాక వారం గడుల్లో ఏమీ లేకుండా, ముందు వారంలోనే అంకెలు పెరిగితే అది ఇదే. నెలంతా ఉండి ముందు వారం ఇంకా పెరిగితే లోపల వేరే డిప్రెషన్ ఉండొచ్చు, దాని వైద్యం వేరు. అయినా రెండు నెలలు ఆగి వెళ్లాలని ఏమీ లేదు, ఇప్పుడే వెళ్లి రాస్తూ ఉండండి. ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు, ఈ పేరు చెప్తే తెలిసిన డాక్టరు ముఖ్యం. గర్భనిరోధక మాత్రల్లో ఒక రకం కూడా కొందరికి ఇస్తారు, మైగ్రేన్ ఉన్నా, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా ముందే చెప్పండి.

ఎప్పుడైనా బతకడం ఎందుకు అనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

హనుమకొండ_టీచరమ్మ
థైరాయిడ్, హిమోగ్లోబిన్ రిపోర్టులు, పోయినేడాది చేయించిన హార్మోన్ టెస్టు కాగితాలు, ఆ క్యాలెండర్ ఫోటోలు అన్నీ పట్టుకెళ్లు స్వప్నా. మీ ఆయన్ని కూడా లోపలికి రమ్మను, బయట కూర్చోనివ్వకు. సెప్టెంబరు హాఫ్ ఇయర్లీ క్లోజింగ్ ఆ వారంలోనే పడేలా ఉంటే మేనేజరుతో ముందే మాట్లాడి కౌంటర్ కాకుండా లోపలి పని అడుగు. ఏం చెప్పారో వచ్చి ఇక్కడే రాయమ్మా, మా కోడలికి కూడా పనికొస్తుంది.